కోళ్లకూ శ్రావణం

అక్క పోయిన మూడో రోజున పిట్టకు పెట్టాము. మాలో అది తప్పదు. పోయిన మనిషికి బతికుండగా ఏవేవి ఇష్టమో అవన్నీ వండి, విస్తట్లో సర్ది, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి ఎదురుచూడాలి. ముందు రోజు సాయంత్రం మా అబ్బాయి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "అమ్మా, పెద్దమ్మకు ఏం ఇష్టముండే?" అని అడిగాడు. నేను మిగతావాళ్ల వంక చూశాను. మా కోడలు చాయ్ అంది. మా చిన్నాయన కొడుకు కోడికూర అన్నాడు; అది ఆయనకే ఇష్టమని అందరికీ తెలుసు. చివరికి ఎవరికి తోచింది వాళ్లు వండారు, విస్తరి నిండిపోయింది. ఉప్పల్‌లో ఇప్పుడు కాకులు కూడా మునుపటిలా లేవు. ఎండలో చాలాసేపు నిలబడ్డాక ఒక్కటి వచ్చి, ప్రహరీ మీద కూర్చుని అటూ ఇటూ చూసి, బ్రెడ్డు ముక్క ఎత్తుకుపోయింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ తేలికపడి చెప్పులు వేసుకున్నారు. నేను శ్మశానంలోని సిమెంటు బల్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు, అలసట వచ్చింది. ఈ వయసులో దుఃఖం కూడా అలసటలాగే మోకాళ్ల దగ్గర మొదలవుతుంది. పిల్లలు కారు దగ్గరికి రమ్మని పిలుస్తుంటే లేవబుద్ధి కాలేదు.

ఏ కోడికి ఎప్పుడు ఏం కావాలో అక్కకు తెలిసేది. గుడ్డును చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమి, దాణాలో సున్నం తగ్గిందని చెప్పేది. సొన పాలిపోతే పచ్చగడ్డి చాలడం లేదనేది. ఒక కోడి ఊరికే మూలకు పోయి నిలబడితే, అది జబ్బో అలకో దూరం నుంచే పోల్చేది. తను మాత్రం కంచం ముందు కూర్చుంటే ఏది పెడితే అది తినేది, ఉప్పు ఎక్కువైనా తక్కువైనా పెదవి విప్పేది కాదు. కూర ఎలా ఉందని అడిగితే "ఉన్నది" అనేది. అలాంటి మనిషికి ఏది ఇష్టమని చెప్పను? బల్ల మీద కూర్చుని ఆలోచిస్తే నాకు గుర్తొచ్చింది తిండి కాదు, తిండి మానేసిన ఒక శ్రావణం.

అప్పటి ఉప్పల్ ఇంకా ఊరే. వరంగల్ రోడ్డు మీద బస్సు ఆగితే దిగిన మనిషి ఎవరింటికి వచ్చాడో ఊరందరికీ తెలిసేది. మా ఇల్లు ఊరి చివర, నాచారం వైపు. ఇంటి వెనక నుంచి మా మక్కచేను, దాని అవతల ఎవరిదో ద్రాక్షతోట. నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, పొద్దున ఒక సైరన్ మోగితే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. అంతకుముందు దేన్ని చూసి పెట్టేదో నాకు తెలియదు. వాకిట్లో నాయినమ్మ అప్పటికే పేడనీళ్లు చల్లి, ముగ్గు వేసి, చుట్ట వెలిగించి కూర్చునేది. ఆమెది పెద్ద గొంతు, పెద్ద ఆకలి. అమ్మ పెట్టిన కూర ఏదైనా సరే, పక్కన ఒక ఎండుచేప నిప్పుల మీద కాలి ఉండాలి. ఆ వాసన మా ఇంటి గోడలకు, దుప్పట్లకు, నా బడి సంచికి కూడా పట్టి ఉండేది. బడిలో పిల్లలు ముక్కు మూసుకుంటే నాకు సిగ్గేసేది కానీ, ఇంటికి వచ్చి అన్నంలో ఆ చేప నలుపుకు తింటే సిగ్గు మరిచిపోయేదాన్ని.

అక్క పేరు అంజమ్మ. భువనగిరి అవతల ఒక ఊరికి ఇచ్చారు. కొన్నేళ్లయినా పిల్లలు కాలేదు. అత్తగారి ఇంట్లో వాళ్లు రెండో దాన్ని తెచ్చారు. అక్క ఒక మధ్యాహ్నం బట్టల మూటతో బస్సు దిగి వచ్చింది. నాయినమ్మ ఆ మూట అందుకుని తన మంచం కింద పెట్టుకుంది. "నా మంచం కింద ఉన్నది నాది. ఎవ్వలు తియ్యొద్దు" అంది. మా నాయిన ఆ మూట వంక, వీధి వంక చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, మాట పడని మనిషి. నలుగురూ రచ్చబండ దగ్గర ఏమనుకుంటారోనని లోలోపల నలిగేవాడు. ఇంట్లో నేనింకా పెళ్లి కావాల్సినదాన్ని ఉన్నాను, పెద్దబిడ్డ ఇంట్లో కూర్చుంటే చిన్నదాన్ని అడగడానికి ఎవరు వస్తారన్నది ఆయన దిగులు. అక్క మామ రెండుసార్లు మనిషిని పంపాడు. భర్తకు ఆమె అక్కర్లేదు, పొలానికీ పశువులకూ కావాలి. రెండోది కడుపుతో ఉందట, చాకిరీకి మనిషి కావాలి.

ఆ మహాశివరాత్రికి నాయినమ్మ కీసర గుట్టకు నడిచి పోయింది. వద్దంటే వినలేదు. తిరిగి వచ్చి, కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని, అందర్నీ పిలిచి చెప్పింది. "రామలింగేశ్వరునికి మాటిచ్చిన. ఈ ఇంటి చెయ్యి మీద బతికే నోరేదీ శ్రావణంల నీసు ముట్టది. మనుషులు, కుక్క, పిల్లి, అన్నీ." ఏం కోరుకుని మొక్కావని అమ్మ అడిగితే, బయటికి చెబితే మొక్కు పలచబడుతుందంది. ఎవరికి తోచినట్టు వాళ్లం అనుకున్నాం. అక్క కాపురం చక్కబడాలని మొక్కి ఉంటుందని నాయిన అనుకున్నాడు, నలుగురికీ అదే చెప్పాడు. అక్క కూడా అదే అనుకుంది. ఆ సాయంత్రం తను తోమిన కుండలే మళ్లీ తోమింది.

మొక్కేనాటికి మా ఇంట్లో ఉన్నవి నాటుకోళ్లే. అవి పెంటకుప్ప గెలికి ఏది దొరికితే అది తినేవి. శ్రావణంలో అవి పురుగులు తింటాయి కదా అని నేను వేళాకోళం చేస్తే, నాయినమ్మ దగ్గర దానికీ జవాబు ఉంది. "వాటంతట అవి ఏరుకుంటే ఆ పాపం వాటిది. నా చేత్తోని పెడితేనే నాది." దేవుడితో ఆమెకు ఇలాంటి లెక్కలు చాలా ఉండేవి. ఏ లెక్కలోనూ దేవుణ్ని మోసం చేసేది కాదు.

గుడ్ల కోసం పెంచే తెల్లకోళ్లు ఆ తరవాత వచ్చాయి. బ్లాక్ ఆఫీసు వాళ్లు ఆడవాళ్లకు కోళ్ల పెంపకం నేర్పుతున్నారని విని అక్క తనే అడిగి వెళ్లింది. అంతవరకూ ఆమె ఏదైనా అడగడం నేను చూడలేదు. అక్కడ నేర్చుకుని వచ్చి, సర్కారు ఫారం నుంచి గంపల్లో పిల్లలు తెచ్చి, పశువుల కొట్టంలో సగం అడ్డుకట్టి, కింద వరిపొట్టు పరిచి పెంచడం మొదలుపెట్టింది. నాయిన కాదనలేదు, ఔననలేదు. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండా అన్నాడు. "దసరా దాకా సూద్దాం. కోళ్లు వాటి దాణా ఖర్చు అవి ఎల్లదీసుకుని, ఇంత చేతిల పెడితే ఉండనీ. లేదంటే మీ మామ వస్తడు, పోవుడే." అక్క "సరే నాయినా" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆ కొట్టమే ఆమెకు ఇల్లు. దసరా తరవాత ఎక్కడుంటుందన్నది ఆ కోళ్ల నోటిని బట్టే ఉంది.

దాణా కలపడం ఇంట్లో పెద్ద పని. వాకిట్లో గోనెపట్టా పరిచేది. ముందు మక్కల నూక పోసేది, దాని మీద తవుడు, దాని మీద గానుగ నుంచి తెచ్చి దంచిన పల్లిచెక్క. ఆల్చిప్పల పొడి, ఉప్పు చివరన. అన్నిటికన్నా ముఖ్యం ఎండుచేపల పొడి. శిక్షణ ఇచ్చిన సారు చెప్పినదాన్ని అక్క మాకు తన మాటల్లో చెప్పేది: "మక్కలు ఒంటికి, సున్నం పెంకుకు, సాపలు గుడ్డుకు. ఒక్కటి తగ్గినా మిగిలినయన్నీ పెట్టి దండగ. ఎంత తిన్నా ఆకలి ఆకలే ఉంటది." చేపలు బస్తాలో వచ్చేవి, చిన్న చిన్నవి, ఇసుకతో సహా. అక్క వాటిని జల్లించి, ఎండలో పోసి, రోట్లో దంచేది. దంచేముందు నాయినమ్మ వచ్చి బస్తా పక్కన చతికిలబడి, కాస్త పెద్దవి, తల ఊడనివి ఏరి ఒళ్లో వేసుకునేది. "అత్తా, కోళ్లకు జర మిగలనియ్యి" అని మా అమ్మ లోపలి నుంచి అనేది. "కోళ్లు నన్ను అడిగినప్పుడు ఇస్తలే" అని నాయినమ్మ. నవ్వని అక్క కూడా అప్పుడు నవ్వేది. ఆ పొడి కలిపిన దాణాను రెండు చేతులతో కిందికీ మీదికీ తిప్పి, పిడికెడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. బాగా కలిసిందీ లేనిదీ వాసనే చెబుతుందనేది.

ఆషాఢంలో బోనాలప్పుడు కొన్ని పెట్టలు గుడ్లు మొదలుపెట్టాయి. మొదటి గుడ్డుకు అక్క పసుపు బొట్టు పెట్టి పోచమ్మ దగ్గర ఉంచి వచ్చింది. తరవాత రోజూ నాలుగు ఎక్కువే. పొద్దు పొడవగానే కొట్టం నుంచి గుడ్డు పెట్టిన కోడి కూత వినిపిస్తే, నాయిన మంచం మీద పక్కకు తిరిగి వినేవాడు. సైకిల్ మీద గంప కట్టుకుని గుడ్లు తీసుకుపోయే మనిషి మా గుమ్మం ముందు కూడా ఆగడం మొదలుపెట్టాడు. అక్క నడకలో ఒక వడి వచ్చింది.

అంతలోకి శ్రావణం వచ్చింది. మేము మనుషులం ఎప్పటిలాగే నీసు మానేశాం. కుక్కకు పెరుగన్నం పెడితే అది మూతి పెట్టి చూసి పక్కింటికి వలస పోయింది. పిల్లిని అమ్మ పుట్టింటివాళ్లు కొన్నాళ్లు ఉంచుకున్నారు. ఇక మిగిలినవి కోళ్లు. అమావాస్య దాటిన పొద్దున అక్క దాణా పట్టా పరచగానే, నాయినమ్మ వచ్చి చేపల బస్తా మూతి కట్టేసింది. "ఇది బాయి కాడి కొట్టంల పెడదాం బిడ్డా. నెల దినాలే." అక్క చేతిలో జల్లెడ అలాగే ఉంది. "నాయినమ్మా, అవి గుడ్ల మీద ఉన్నయి. ఇప్పుడే గావాలె వాటికి." "మాటిచ్చిన గదనే. ఈ ఇంటి చెయ్యి మీద బతికే నోరు అన్న. అవి పెంట మీద ఏరుకునేటివి గావు, నీ చేతి మీద బతికేటివి." తను పెట్టిన లెక్కలో తనే ఇరుక్కుపోయింది ముసలామె. ఇష్టంగా చేయడం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అక్క జల్లెడ కింద పెట్టి, బస్తా రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ మోసుకుపోయి బావి దగ్గర పెట్టి వచ్చారు.

ఆమె ఎందుకు ఒప్పుకుందని నన్ను తరవాత చాలామంది అడిగారు. కోళ్లకు ఏం జరుగుతుందో అక్కకు తెలియక కాదు. ఇంట్లో అక్క మూటను తన మంచం కింద పెట్టుకున్న మనిషి ఒక్కతే, ఆ మనిషి దేవుడికి ఇచ్చిన మాటను ఏ నోటితో కాదనాలి? దాణాలో పల్లిచెక్క వంతు పెంచింది. పెసర్లు ఉడకబెట్టి కలిపింది. సాయంత్రాలు కోళ్లను బయటికి వదిలి చూసింది, వాటంతట అవి ఏమైనా ఏరుకుంటాయేమోనని. పుట్టినప్పటి నుంచి కొట్టంలో పెరిగినవి, పరాయి ఊరికి వచ్చినట్టు గోడ పక్కన గుంపుగా నిలబడేవి. పైగా ముసురు. తడిసి ఈకలు అంటుకుపోయి లోపలికే పరుగెత్తేవి.

మొదట గుడ్లు చిన్నవయ్యాయి. తరవాత తగ్గాయి. సైకిల్ మనిషి గంప వంక చూసి, "ఏందమ్మా, దిష్టి తాకిందా?" అన్నాడు. ఆ తరవాత కొట్టంలో ఈకలు కనిపించడం మొదలైంది. తెల్లటి ఈకల మొదళ్లలో రక్తం. ఒక కోడి ఇంకో దాని వెనక నిలబడి, పనిగట్టుకుని ఒక్కొక్క ఈక పీకి మింగుతోంది. పీకించుకుంటున్న కోడి కదలడం లేదు. అక్క గాయాలకు వేపనూనె, పసుపు రాసింది. ముక్కుల చివరలు కాల్చిన కత్తితో కత్తిరించింది. దెబ్బ తగిలినవాటిని వేరుగా గంపల కింద మూసింది. అయినా ఒకరోజు పొద్దున తలుపు తీస్తే, పెట్టిన గుడ్డు చుట్టూ అయిదారు కోళ్లు చేరి పొడిచి తాగుతున్నాయి. పక్కనే ఒక కోడి కడుపు చీలి పడి ఉంది. దాన్ని తిన్నది మరో జంతువు కాదని చూడగానే తెలిసింది. నాయిన వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని చేనుకు వెళ్లిపోయాడు. ఆ రోజే అక్క మామకు దసరాకు రమ్మని కబురు పంపాడని మధ్యాహ్నం అమ్మ నాతో చెప్పింది.

అక్క కొట్టం ముందు రాతి మీద కూర్చుంది. చేతులకు పసుపు, నూనె, రక్తం. అన్నానికి లేవలేదు. నాయినమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. ఆమెకు దూరపు చూపు సరిగా ఆనేది కాదు, కోళ్ల సంగతి మేము ఎవరమూ ఆమెకు పూర్తిగా చెప్పలేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, వంగి, చచ్చిన కోడిని చేత్తో తడిమింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక అక్క పక్కన కూలబడింది.

"ఎన్ని దినాల సంది ఇట్ల?"

"కొన్ని దినాల సంది."

"నాకెందుకు చెప్పలేదే?"

అక్క ఆమె వంక చూడలేదు. "చెప్పి ఏం జెయ్యాలె నాయినమ్మా. నేను మళ్ల ఆడికి పోవాలనే గద నువ్వు మొక్కింది. కోళ్లు పోతే నేను పోత. నీ మొక్కు తీరినట్టే."

నాయినమ్మ అక్క గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తరవాత చాలా నెమ్మదిగా, ఆమె గొంతులో నేను ఎప్పుడూ వినని నెమ్మదితో అడిగింది. "ఎవలు చెప్పిన్రే నీకు?"

"నాయిన అన్నడు. అందరు అంటున్నరు."

"మీ నాయినకేమెర్క. నిన్ను ఆ గడప మళ్ల తొక్కనియ్యొద్దని మొక్కిన. గుట్ట ఎక్కి, ముసలిదాన్ని, అడిగింది అదొక్కటే. నువ్వు నా కండ్ల ముంగట ఉండాలె, నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలె అని."

అక్క మోకాళ్ల మీద తల పెట్టుకుంది. నాయినమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే ఆలోచించింది. ఆమె ఆలోచిస్తే పెదవులు కదిలేవి, లెక్క బయటికే వినిపించేది. నీసు పెడితే మాట తప్పినట్టు. పెట్టకపోతే కోళ్లు పోతాయి, కోళ్లు పోతే పిల్ల పోతుంది, అడిగిందే పోతుంది. ఆఖరికి కర్ర పట్టుకుని లేచింది. నన్ను వెంట రమ్మని బావి దగ్గరికి నడిచింది. బస్తా మూతి తనే విప్పింది. కొంగులో పట్టినన్ని చేపలు తెచ్చి, రోట్లో వేసి, రోకలి ఎత్తలేక ఎత్తి తనే దంచింది. అమ్మ పరుగెత్తుకు వచ్చి, "అత్తా, శ్రావణం" అంటే, "ఎర్కనే" అంది. దాణాలో కలిపి, తన చేత్తోనే తీసుకుపోయి తొట్లలో పోసింది. కోళ్లు ఎగబడ్డాయి. అప్పుడు వాకిట్లోకి వచ్చి, కీసర వైపు తిరిగి, పక్కింటావిడతో మాట్లాడినట్టే దేవుడితో మాట్లాడింది.

"సూడు రామలింగా, అవి ఎరుగని నోళ్లు. మాట వాటిది గాదు, నాది. వాటి వంతు నేను మోస్త. ఈ నెల గాదు, నేను బతికినన్ని దినాలు నీసు ముట్ట. ఇగ నీకూ నాకూ సాఫ్."

ఇంట్లో ఎవరమూ దాన్ని అంత పట్టించుకోలేదు. శ్రావణం వెళ్లిపోగానే మరిచిపోతుందిలే అనుకున్నాం.

కోళ్లు వెంటనే తేరుకోలేదు. ఈకలు రావడానికి చాలా రోజులు పట్టింది, గుడ్డు తాగడం మరిగిన కొన్నిటిని తీసేయాల్సి వచ్చింది. కానీ భాద్రపదంలో కూతలు మళ్లీ మొదలయ్యాయి. దసరాకు ముందే సైకిల్ మనిషి గంప నిండా తీసుకుపోతున్నాడు. దసరా మర్నాడు అక్క మామ జమ్మి ఆకు పట్టుకుని వచ్చాడు. నాయిన చేతిలో పెట్టి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ తీసుకుని, మంచం మీద కూర్చుని, నీళ్లు తాగి, విషయానికి వచ్చాడు. "పిల్లను తోల్కపోదామని వచ్చిన బావా. నీ కబురు అందింది. చిన్నకోడలికి నెలలు నిండినయి, ఇంట్ల పని ఎల్లుతలేదు." మా నాయిన తల వంచుకుని చాలాసేపు జమ్మి ఆకును వేళ్ల మధ్య తిప్పాడు. లోపల అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. అక్క కొట్టం దగ్గరే ఉంది, ఇటు రాలేదు.

"అంజి వస్తే దాణా ఎవలు కలుపుతరు బావా?" అన్నాడు నాయిన.

"దాణాదేముంది. నీ చిన్నబిడ్డ కలుపుతది."

"దానికి రాదు. ఎవలకు రాదు. ఒక్కటి తప్పినా ఒకదాన్నొకటి తింటయి. సూసినం." అని లేచి, "అన్నం తిని పో బావా" అన్నాడు. నా కూతురిని పంపనని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. కోళ్లను అడ్డం పెట్టుకుని చెప్పాడు. ఆ మాత్రం చెప్పినందుకు నేను ఆయన్ని జీవితమంతా గౌరవించాను.

అలా అక్క ఉండిపోయింది. కొట్టం షెడ్డయింది, ఒకటి కాస్తా రెండయింది. నా పెళ్లికి ఎవరూ రారన్న భయం కూడా ఉత్తదే అయింది, నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి వచ్చాడు, నేను రెండు మైళ్ల దూరంలో కాపురం పెట్టాను. ఆ షెడ్లు ఉన్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్లు. మా మక్కచేను మీదుగా పోయే సందుకు ఏదో నగర్ అని పేరు. కింద దుకాణంలో గుడ్లు అట్టపెట్టెలో అన్నీ ఒకే సైజులో వస్తాయి. వాటిని పెట్టిన కోళ్లు ఏం తిన్నాయో నాకు తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. దాణా మిషన్లలో కలిసి, సంచుల్లో కుట్టి వస్తుందట. ఏ వంతు ఎంతో తప్పు పోదట. మంచిదే. ఎవరూ తమ చేతుల్తో రోట్లో చేపలు దంచుకోనక్కర్లేదు. అప్పుడు బాగుండేదని నేను అనను. అప్పుడు ఒక ఆడదానికి నిలబడేంత చోటు దొరకాలంటే కోళ్లు గుడ్లు పెట్టాలి, తండ్రి మనసు మారాలి, ముసలామె దేవుడితో బేరం ఆడాలి. అంత శ్రమ తలుచుకుంటేనే నాకు ఒళ్లు బరువెక్కుతుంది. కానీ ఒక నోటికి ఏం కావాలో పట్టించుకునే మనిషి ఉండేది, అది మాత్రం నిజం. మొన్న మా ఇంట్లో అయిదుగురం భోజనానికి కూర్చుంటే, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ, నేను తిన్నానో లేదో ఎవరూ చూడలేదు. తప్పు పట్టడం లేదు. అలిసిపోయి వస్తారు వాళ్లూ.

నాయినమ్మ మాట తప్పలేదు. ఆ శ్రావణం పోయింది, ఇంకా ఎన్నో శ్రావణాలు పోయాయి. చేపల బస్తా వాకిట్లో విప్పినప్పుడు ఆమె లేచి వెనక దొడ్లోకి వెళ్లి కూర్చునేది. పండగకు మాంసం వండితే ఇంత పప్పు వేసుకుని తినేది. కూర వాసనకు ఆమె గొంతులో గుటక పడటం మాకు కనిపించేది. చివర్లో మనిషి చిక్కి సగమైంది. మేము చూపించిన దవాఖానాలో డాక్టరమ్మ, ఒంట్లో సత్తువ లేదు, గుడ్డో చేపో పెట్టాల్సిందేనంది. నేను అప్పుడు ఆమెను చూడటానికి పుట్టింట్లోనే ఉన్నాను. అక్క గుడ్డు ఉడకబెట్టి, మెత్తగా నలిపి, ఆమె నోటి దగ్గర పెట్టి బతిమాలింది. "మొక్కు తీరింది గదనే నాయినమ్మా. నేను యాడికీ పోలే. ఈడనే ఉన్న గద." నాయినమ్మ పెదవులు బిగించింది. తరవాత, "తీరింది గనుకనే" అంది. వందల కోళ్లకు ఏ లోటూ రాకుండా పెట్టిన ఆ చెయ్యి, ఆ ఒక్క నోట్లో ముద్ద పెట్టలేక వెనక్కి వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె అక్కను దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గిపోయింది, వంగి వినాలి. "వాసనకు పాపం లేదు. ఒక్క సాప కాల్చుకరా" అంది. అక్క నా వంక చూసింది. బస్తాలో వెతికి, తల ఊడని పెద్దది ఏరి, నిప్పుల మీద కాల్చి, పళ్లెంలో పెట్టుకుని మంచం పక్కన కూర్చుంది. ఇల్లంతా ఆ వాసన నిండింది. నాయినమ్మ కళ్లు మూసుకుని పీల్చింది, మళ్లీ తెరిచి, "నువ్వు తిను. నేను సూస్త" అంది.

అక్క ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు మంచిగున్నదా?"

"ఉన్నది."

"కరకర అంటున్నదా?"

"అంటున్నది నాయినమ్మా."

"ఇంకో ముక్క తిను."

అక్క ఇంకో ముక్క తిన్నది. కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నోరు ఆడుతూనే ఉంది. తల, తోక, మెత్తటి ముళ్లు కూడా మిగల్చకుండా నమిలి, పళ్లెం ఖాళీ చేసి చూపించింది. నాయినమ్మ తన కొంగు అందుకుని తన మూతి తుడుచుకుంది.